బ్లైలెవెన్‌లా కర్వ్‌బాల్ వేయాలంటే

హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే పిల్లలకు బేస్‌బాల్ నేర్పుతాను. పిచింగ్ (బ్యాటర్‌కు బంతి వేయడం) అనగానే ముందు చెప్పేది బెర్ట్ బ్లైలెవెన్ గురించే. 1951లో నెదర్లాండ్స్‌లోని జైస్ట్‌లో పుట్టి, అమెరికా మేజర్ లీగ్‌లో 287 విజయాలు, 3,701 స్ట్రైక్‌అవుట్‌లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) సాధించాడు. 2011లో బేస్‌బాల్ దిగ్గజాలకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఆయన బలమంతా కర్వ్‌బాల్, అంటే బ్యాటర్ దగ్గరికొచ్చేసరికి వంపు తిరిగి కిందికి దిగే బంతి.

ముందు బంతి వేసే చోటు నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్ దాకా సున్నంతో 18.44 మీటర్లు గీయండి. క్రికెట్ పిచ్ కన్నా మీటరున్నర పైగా తక్కువ.

పట్టు దగ్గర తొందర వద్దు. కుట్టు గుర్రపు నాడాలా వంగినచోట మధ్యవేలును దాని వెంబడే ఆనించండి. చూపుడువేలు పక్కనే, బొటనవేలు కింది కుట్టు మీద. బంతి అరచేతికి తగలకూడదు. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లు మోచేయి బిగబడతారు. ఇక్కడ వంచొచ్చు, వంచాలి కూడా. వదిలేటప్పుడు సుత్తితో మేకు కొట్టినట్టు చేయి కిందికి రావాలి, మణికట్టు మెలితిప్పొద్దు. మధ్యవేలు కుట్టును లాగితే బంతి ముందుకు దొర్లుతూ పోతుంది, బ్యాటర్ ముందు దబ్బున దిగుతుంది.

ఒక అబ్బాయి మోచేయి నొప్పి దాచి వారం వేశాడు, తర్వాత నెల రోజులు బంతి ముట్టలేదు. నేను అడగాల్సింది, అడగలేదు. ఇప్పుడు రోజుకు 20 కర్వ్‌లు దాటనివ్వను. 14 ఏళ్లు నిండనివాళ్లకు ఫాస్ట్‌బాల్ (వేగంగా వేసే బంతి), చేంజప్ (అదే ఊపుతో నెమ్మదిగా వేసే బంతి) మాత్రమే.