పాత ఫోర్క్‌లిఫ్ట్‌కి టైర్లు మార్చాలా? ముందు ఏ నట్టు ముట్టుకోకూడదో చూసుకోండి

పాత ఫోర్క్‌లిఫ్ట్ టైరు మార్చడమంటే కారు టైరు మార్చినట్టే కదా అని జాకీ పెట్టేసి నట్లు విప్పడం మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది, ఎందుకో కింద చెప్తా.

మొదట మీ బండికి ఏ రకం టైరు ఉందో చూడండి. గాలి టైరా, గాలి టైరులాగే కనిపించే సాలిడ్ టైరా, లేక ఇనుప బ్యాండుకి రబ్బరు అంటించి చక్రం మీద ప్రెస్‌తో ఎక్కించిన కుషన్ టైరా. కుషన్ బండికి గాలి టైర్లు వేద్దాం అనుకోకండి, ఆ బండి డిజైనే వేరు. సైజు టైరు పక్క గోడ మీదే రాసి ఉంటుంది, 7.00-12 అంటే వెడల్పు 7 అంగుళాలు, రిమ్ము 12 అంగుళాలు. కానీ పాత బండి కదా, అంతకుముందు ఎవరో దొరికింది వేసేసి ఉండొచ్చు, అందుకే బండి ప్లేటు మీదా మాన్యువల్లోనూ ఉన్న సైజుతో సరిచూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి.

ఒక్క టైరే మారుద్దాం, మిగతాది ఇంకా బానే ఉంది అంటారు చూడండి, ఆ లెక్క ఇక్కడ పనిచేయదు. ముందు చక్రాల మధ్య దూరం మీటరు అనుకోండి, ఒక పక్క చక్రం 12 మిల్లీమీటర్లు కిందకి ఉంటే 4 మీటర్ల ఎత్తులో సరుకు దాదాపు 5 సెంటీమీటర్లు పక్కకి జరుగుతుంది, అందుకే ఒక యాక్సిల్‌కి రెండూ కలిపే మార్చాలి.

ఇక ఎత్తడం. ఫోర్కులు ఖాళీగా కిందకి దించి, ఇంజన్ ఆపి తాళం తీసేసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఎత్తని వైపు చక్రాలకి ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. బండి పైకి చూస్తే చిన్నదే గానీ 2.5 టన్నులు ఎత్తే బండి దాని బరువే 3.5 టన్నులకి పైన ఉంటుంది, కారు జాకీ దీనికి సరిపోదు. పైగా చాలా బండ్లకి వెనక యాక్సిల్ మధ్యలో పిన్ను మీద ఊగుతుంటుంది, అంటే బండి నిజానికి మూడు కాళ్ళ పీట లాంటిది, వెనక ఎత్తితే పక్కకి ఒరగొచ్చు. మాన్యువల్‌లో చెప్పిన చోటే జాకీ పెట్టి, వెంటనే స్టాండ్లు పెట్టాలి, జాకీ మీదే వదిలేసి చెయ్యి లోపలికి పెట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. గాలి టైర్లున్న పాత ఫోర్క్‌లిఫ్ట్‌లలో చాలావాటికి రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది, వాటిని కలిపి పట్టే బోల్టులు వేరు, చక్రాన్ని హబ్బుకి పట్టే నట్లు వేరు. పక్కపక్కనే ఉంటాయి, తుప్పు పట్టి గ్రీజు పూసుకుపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల 100 పీఎస్‌ఐ దాటి గాలి ఉండగా రిమ్ము బోల్టు విప్పారంటే ఆ ముక్క తుపాకీ గుండులా ఎగురుతుంది, మనుషులు ఇలాగే పోయారు. అందుకే నట్లు ముట్టుకోకముందే, బండిని ఎత్తకముందే, వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదిలేయండి, అది ఆగాక వాల్వులో సన్న వైరు పెట్టి లోపల దుమ్ము అడ్డుపడలేదని కూడా చూసుకోండి. ఆ తర్వాతే హబ్బు నట్లు.

వెనక చక్రాల నట్లు కూడా ఎత్తకముందే పావు తిప్పు వదులు చేసుకోండి, ఎత్తాక చక్రం తిరుగుతూ పానాతో పాటు మిమ్మల్నీ తిప్పుతుంది, నేను ఇలాగే మోకాలు కొట్టించుకున్నా.

చక్రం ఊడాక స్టడ్లు (నట్లు ఎక్కే హబ్బు బోల్టులు), రిమ్ము పగుళ్ళు, నట్టు కూర్చునే గుంటలు చూడండి, రంధ్రాలు కోడిగుడ్డులా సాగిపోతే ఆ రిమ్ము పారేయాల్సిందే, వెల్డింగ్ చేయించి వాడొద్దు. సాలిడ్, కుషన్ టైర్లు ఎక్కించడానికి పెద్ద ప్రెస్సు కావాలి, సుత్తితో అయ్యే పని కాదు, ఆ షాపుకే ఇచ్చేయండి. గాలి టైరు మీరే బిగిస్తే ఇనుప కేజ్‌లో (పేలితే ముక్కలు ఎగరకుండా ఆపే బోనులో) పెట్టి, పొడవైన పైపుతో, పక్కకి నిలబడి గాలి కొట్టాలి.

నట్లు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా బిగించుకుంటూ రండి, ఆఖర్న టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు పడిందో చూపించే పానాతో) మాన్యువల్ లెక్క ప్రకారం. స్టడ్లకి నూనె రాయొద్దు, మాన్యువల్ చెప్తే తప్ప. కొన్ని గంటలు తిప్పాక మళ్ళీ బిగించి చూడండి, కొత్త రిమ్ము పెయింట్ అణిగి మొదటి రోజే వదులవ్వడం మామూలే.