ఊళ్లో పదిమంది కలిసి గ్రాండ్‌ప్రీ చూడటం: తెర కట్టడం నుంచి స్టీవార్డుల తీర్పు దాకా

గోదావరి జిల్లాల్లో ఫార్ములా వన్ కార్ల రేసులు చూసేవాళ్లు తక్కువేమీ లేరు. భీమవరంలో, అమలాపురంలో, రావులపాలెంలో, పాలకొల్లులో ఇంటికొకరు చొప్పున ఫోన్‌లో విడివిడిగా చూసుకుంటున్నారు. గ్రాండ్‌ప్రీ, అంటే ఒక్కో ఫార్ములా వన్ రేసు, మజా పక్కనున్నవాడి అరుపులో ఉంటుంది కాబట్టి పదిమంది ఒకచోట చేరాలి. చేరాక రెండు చోట్ల తేడా వస్తుంది. ఒకటి కరెంటు, నెట్టు. రెండోది, రేసు అయిందో లేదో తీర్పులు చెప్పేసి మర్నాటికి నాలుక్కరుచుకోవడం. రెండింటికీ ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

వేళలు, వానలు

యూరప్ రేసులు చాలావరకు మనకు ఆదివారం సాయంత్రం 6:30కి మొదలవుతాయి. బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ రేసు 7:30కి, సింగపూర్ 5:30కి. మెల్‌బోర్న్ పొద్దున 9:30కి, జపాన్‌లోని సుజుకా 10:30కి వచ్చేస్తాయి, అంటే టిఫిన్లయ్యాక కూర్చోవచ్చు. బ్రెజిల్ రాత్రి 10:30 ప్రాంతంలో ఉంటుంది. ఆస్టిన్, మెక్సికో అర్ధరాత్రి దాటాకే. ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మనం ఆదివారం రాత్రి అనుకునేది క్యాలెండర్‌లో సోమవారం. గ్రూపులో మెసేజ్ పెట్టేటప్పుడు "ఆదివారం రాత్రి తెల్లవారితే సోమవారం" అని విడమరిచి రాయండి. ఏటా వేళలు కొంచెం జరుగుతుంటాయి, ఆ వారం అధికారిక షెడ్యూలు ఒకసారి చూసుకోండి.

సిల్వర్‌స్టోన్, స్పా (బెల్జియం), హంగరీ రేసులు జులైలో వస్తాయి. అప్పుడు మనకు వానలు, కరెంటు కోతలు, దీపం పురుగులు. డాబా మీద తెర కట్టే ఆలోచన ఆ నెలల్లో మానుకుని వరండాలోనో, హాల్లోనో పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం కబురుంటే బయట ఏర్పాటే వద్దు.

తెర, కరెంటు

చూసేది ఎనిమిది మంది లోపైతే 43 అంగుళాల టీవీ చాలు, ప్రొజెక్టర్ జోలికి పోవద్దు. అంతకు మించితే ప్రొజెక్టర్ తెచ్చుకోండి. మామూలు పెళ్లిళ్ల ప్రొజెక్టర్‌ని పది పన్నెండు అడుగుల దూరంలో పెడితే దాదాపు 100 అంగుళాల బొమ్మ పడుతుంది. సాయంత్రం 6:30కి ఇంకా వెలుతురుంటుంది కనుక 3000 ల్యూమెన్లకు తక్కువైతే టైర్ల రకం చెప్పే రంగులు తెలియవు. ఎర్ర టైరుకీ పసుపు టైరుకీ తేడా కనపడకపోతే రేసులో సగం పోయినట్టే. తెరకి పాత ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటే అదే వాడండి. దుప్పటి కంటే మేలు, గాలికి అంతగా ఊగదు. నాలుగు మూలలతో పాటు కింద మధ్యలో కూడా తాడు కట్టండి.

పురుగుల సంగతి. వాన వెలిసిన సాయంత్రం తెల్లటి తెరమీద వెలుగు పడిందంటే పది నిమిషాల్లో తెర నల్లబడుతుంది. తెరకి పదిహేను ఇరవై అడుగుల దూరంలో, జనానికి అవతలి పక్కన, ఒక తెల్ల బల్బు వేలాడదీసి దానికింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టండి. నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపితే పడ్డ పురుగు మళ్లీ లేవదు. ఆ బల్బు రేసుకి అరగంట ముందే వెలగాలి. తెర వెలిగాక పెడితే పురుగులు అటు మళ్లవు.

కరెంటు లెక్క ఇలా వేసుకోండి. ప్రొజెక్టర్ 250 వాట్లు, ల్యాప్‌టాప్ 60, స్పీకరు 40, రౌటరు 15, రెండు సీలింగ్ ఫ్యాన్లు 150. మొత్తం 515. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. లెడ్ బ్యాటరీని పూర్తిగా పిండకూడదు, ఇన్వర్టర్‌లో కొంత వృథా అవుతుంది, చివరికి చేతికొచ్చేది 850 దాకా. అంటే గంటా నలభై నిమిషాలు. రేసు సాధారణంగా గంటన్నర నుంచి రెండు గంటలు, మధ్యలో ఎర్రజెండా పడితే ఆగిన సమయంతో కలిపి మూడు గంటల దాకా పోవచ్చు. కాబట్టి కరెంటు పోయిన వెంటనే ఒక ఫ్యానైనా ఆపేయండి. రెండూ ఆపితే దాదాపు రెండుంపావు గంటలు వస్తుంది. మూడు నాలుగేళ్ల బ్యాటరీ అయితే ఈ లెక్కల్లో సగమే నమ్మండి.

చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆ వైపుకే ఉంచండి. లేదంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో ప్రొజెక్టర్ ఆరిపోతుంది. దీపం రకం ప్రొజెక్టర్ చల్లారి మళ్లీ వెలగడానికి నిమిషాలు పడుతుంది, ఈలోగా అక్కడ స్టార్ట్ అయిపోతుంది. రొయ్యల చెరువుల దగ్గర ఉన్నవాళ్లు ఏరియేటర్ల జనరేటర్ నుంచి లైను లాగుతుంటారు. మోటారు ఆన్ అయిన ప్రతిసారీ వోల్టేజి పడిపోతుంది, స్టెబిలైజర్ లేకుండా ఆ లైనుకి ప్రొజెక్టర్ తగిలించవద్దు.

నెట్టు

మనదేశంలో 2024 సీజన్ నుంచి రేసులు ఫ్యాన్‌కోడ్ యాప్‌లో వస్తున్నాయి. మంచి నాణ్యతలో గంటకు దాదాపు 3 జీబీ లాగుతుంది. రోజుకి 2 జీబీ ఫోన్ ప్లాను మీద ఆధారపడితే సగం రేసులో సున్న చుట్టడం మొదలవుతుంది. ఇంట్లో ఫైబర్ ఉంటే అదే వాడండి, అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. మీ రౌటరు ఇన్వర్టర్ మీద ఉన్నా, కేబుల్ ఆపరేటర్ దగ్గర పరికరాలకు బ్యాకప్ లేకపోతే వీధికి కరెంటు పోగానే నెట్టు కూడా పోతుంది. అందుకని వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌ని హాట్‌స్పాట్‌కి సిద్ధంగా ఉంచండి. కొబ్బరితోటల మధ్య ఇళ్లలో కింద సిగ్నల్ అందదు, ఆ ఫోన్‌ని మేడమీద కిటికీలో పెట్టండి.

ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ వైరుతో ఇస్తే కొన్నిసార్లు మాట వినపడుతుంది, బొమ్మ మాత్రం నల్లగా ఉంటుంది. కాపీ రక్షణ వల్ల అలా జరుగుతుంది, చవక కన్వర్టర్లు దాన్ని అందుకోలేవు. ఆండ్రాయిడ్ టీవీ స్టిక్ నేరుగా ప్రొజెక్టర్‌కి తగిలిస్తే ఈ గొడవ ఉండదు. స్పీకర్‌ని బ్లూటూత్‌లో కాకుండా ఆక్స్ వైరుతో కలపండి, లేకపోతే ఇంజను చప్పుడు బొమ్మ వెనక ఈడుస్తూ వస్తుంది. ఇవన్నీ శనివారం క్వాలిఫయింగ్‌కి (రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలవాలో తేల్చే పోటీ) ఒకసారి పూర్తిగా పెట్టి చూసుకోండి. ఆదివారం రేసుకి పది నిమిషాల ముందు వైర్లు వెతికే ఇంట్లో మొదటి మలుపు ఎవరూ చూడలేరు. ఆ మొదటి మలుపు పోతే మళ్లీ రాదు.

ఫోన్లు పక్కన పెట్టించడం

స్ట్రీమ్ అసలు రేసుకంటే వెనకబడి వస్తుంది, అర నిమిషం దాకా తేడా ఉంటుంది. లైవ్ టైమింగ్ (కార్ల సమయాలు, స్థానాలు అప్పటికప్పుడు చూపేది), నోటిఫికేషన్లు ముందే వచ్చేస్తాయి. ఒక మూల కూర్చున్న తమ్ముడు ఫోన్ చూసి "అయిపోయింది బావా, గోడకి కొట్టేశాడు" అన్నాడంటే మిగతా తొమ్మిదిమందికీ ఆ క్షణం పోయినట్టే. నోటిఫికేషన్లు అందరూ ఆపేయాలి. లైవ్ టైమింగ్ ఒక్కరి దగ్గరే ఉండాలి, ఆ మనిషి నోరు అదుపులో ఉన్నవాడై ఉండాలి. ఆ మనిషికి తెల్లకాగితం ఇచ్చి ఎవరు ఏ ల్యాపులో (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) టైర్లు మార్చారు, ఏ రంగు వేశారు అని రాయించండి. రేసు మధ్యలో వాదన వచ్చిందంటే ఆ కాగితమే తీరుస్తుంది.

కొత్తగా కూర్చున్న మావయ్యకో పిన్నికో ముందు రంగులు చెప్పండి. ఎరుపు మెత్తటిది, వేగం ఎక్కువ, త్వరగా అరుగుతుంది. పసుపు మధ్యరకం. తెలుపు గట్టిది. ఆకుపచ్చ చిరుజల్లుకి, నీలం జోరువానకి. పొడి రేసులో కనీసం రెండు రకాలు వాడి తీరాలి. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, ఇరవయ్యో ల్యాపుకల్లా వాళ్లే అడుగుతారు, "వాడింకా లోపలికి రాలేదేం?" అని. పాత అభిమానులకూ ఒక మాట: 2026 నుంచి డీఆర్‌ఎస్ (వెనక రెక్క తెరిచి వేగం పెంచుకునే ఏర్పాటు) లేదు. ముందుకారుకి సెకను లోపు ఉంటే అదనపు ఎలక్ట్రిక్ శక్తి ఇచ్చే ఓవర్‌టేక్ మోడ్ వచ్చింది. "డీఆర్‌ఎస్ తెరిచాడు" అని అలవాటుగా అంటే కొత్తవాళ్లు తికమకపడతారు.

అరిచేముందు లెక్క

చాలా సర్క్యూట్లలో పిట్‌లోకి (ట్రాక్ పక్కన టైర్లు మార్చే చోటు) వెళ్లి వస్తే 20 నుంచి 25 సెకన్లు పోతాయి. టైర్ల మార్పుకి పట్టేది రెండు మూడు సెకన్లే, మిగతాదంతా పిట్ లేన్‌లో గంటకు 80 కిలోమీటర్ల హద్దు వల్ల పోయే సమయం. కాబట్టి పిట్‌కి రాని కారు ముందుందని చప్పట్లు కొట్టకండి. ఆ కారుకీ వెనకదానికీ మధ్య 22 సెకన్లు ఉన్నాయా లేవా అని చూడండి. ప్రమాదం జరిగాక అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వచ్చినప్పుడు బయటున్న కార్లన్నీ నెమ్మదిస్తాయి కనుక పిట్ నష్టం దాదాపు సగానికి పడుతుంది. అంతకు రెండు ల్యాపుల ముందే పిట్‌కి వెళ్లిన డ్రైవర్‌కి అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. టీమును తిట్టే పని లేదు, రాబోయే ప్రమాదం వాళ్లకి ఎలా తెలుస్తుంది?

రేసు తీర్పరులైన స్టీవార్డులు అయిదు సెకన్ల పెనాల్టీ వేస్తే తర్వాతి పిట్‌స్టాప్‌లో మెకానిక్కులు ముట్టుకోకుండా కారు అయిదు సెకన్లు నిలబడాలి. పిట్‌స్టాప్ మిగలకపోతే మొత్తం సమయానికి కలుపుతారు. అందుకే గీత ముందు దాటినవాడు గెలిచినట్టు కాదు. 2019 కెనడా రేసులో డ్రైవర్ వెటెల్ ముందు దాటాడు. 48వ ల్యాపులో గడ్డి మీదనుంచి ట్రాక్‌లోకి తిరిగొచ్చిన తీరుకి అయిదు సెకన్లు పడటంతో హామిల్టన్‌ది గెలుపైంది. వెటెల్ కోపంగా గెలిచిన కార్ల ముందుండే 1, 2 అంకెల బోర్డులు తారుమారు చేశాడు, జనం హామిల్టన్ మీద గోల చేశారు. తిట్టాల్సింది హామిల్టన్‌ని కాదు, తీర్పుని అని ఆ జనానికి చెప్పిందీ వెటెలే. మన ఇళ్లలో చూసేటప్పుడు కూడా ఆ తేడా పాటించాలి.

అభిమానుల కోపం న్యాయమైన రోజులూ ఉన్నాయి. 2005 ఇండియానాపోలిస్‌లో మిషెలిన్ కంపెనీ టైర్లు చివరి వాలు మలుపుకి తట్టుకోవని తేలి 14 కార్లు ఫార్మేషన్ ల్యాపు (రేసు మొదలయ్యే ముందు వరుసగా తిరిగే చుట్టు) తర్వాత పిట్‌లోకి వెళ్లిపోయాయి. ఆరే పరిగెత్తాయి. జనం సీసాలు విసిరారు. మన నరేన్ కార్తికేయన్ నాలుగో స్థానంలో వచ్చి 5 పాయింట్లు తెచ్చుకున్నది ఆ రేసులోనే. 2021 స్పాలో గంటల తరబడి వానలో నిలబడ్డ జనానికి సేఫ్టీ కారు వెనక కొన్ని ల్యాపులు చూపించి, సగం పాయింట్లు పంచి ఇంటికి పంపారు. ఆ గోల వృథా కాలేదు, తర్వాతి ఏడాది పాయింట్ల నియమం మార్చారు.

జోస్యం చీటీలు

డబ్బు పందెం వద్దు. స్నేహాలు చెడతాయి, ఆన్‌లైన్ పందేలైతే మన రాష్ట్రంలో 2020 చట్ట సవరణ ప్రకారం నేరం కూడా. చీటీలాట చాలు. ఒక్కొక్కరు మొదటి ముగ్గురి పేర్లు, మొదట రేసు వదిలేసే కారు, సేఫ్టీ కారు వస్తుందా రాదా రాసివ్వాలి. స్థానం సరిగ్గా చెబితే 5, ముగ్గురిలో ఉండి స్థానం తప్పితే 2, మిగతా రెండు ప్రశ్నలకు చెరో 3. ఫార్మేషన్ ల్యాపు మొదలవగానే చీటీల డబ్బా మూసేయాలి. ఆఖర్న ఉన్నవాడు వచ్చే రేసుకి మిరపకాయ బజ్జీలు తేవాలి.

చీటీలు మాత్రం పోడియం (మొదటి ముగ్గురు ట్రోఫీలు అందుకునే వేదిక) చూసి తేల్చకండి. పోడియం అయ్యాక కార్లను తూస్తారు, అడుగున ఉండే చెక్కపలక అరుగుదల కొలుస్తారు. 2024 స్పాలో రస్సెల్ గెలిచి ట్రోఫీ ఎత్తాక కారు కిలోన్నర తక్కువ తూగిందని తేలి గెలుపు హామిల్టన్‌కి వెళ్లింది. 2025 లాస్ వేగస్‌లో నోరిస్, పియాస్ట్రీ ఇద్దరి ఫలితాలూ పలక అరిగిందని రద్దయ్యాయి. 2023 ఆస్ట్రియాలో ట్రాక్ హద్దులు దాటిన అనుమానపు ఘటనలు 1200 పైనే వచ్చిపడ్డాయి. అవన్నీ చూసి గంటల తర్వాత పెనాల్టీలు వేస్తే నాలుగో స్థానంలో ఉన్న సైంజ్ ఆరుకి జారాడు. రేసు నియమాలు చూసే సంస్థ ఎఫ్‌ఐఏ నుంచి తుది వర్గీకరణ (ఫలితాల) పత్రం వచ్చాకే చీటీలు తెరవండి, అంటే సాయంత్రం రేసుకి భోజనాలయ్యాక, ఒక్కోసారి మర్నాడు పొద్దున.

తీర్పు మీద గ్రూపులో రాయాలనుకుంటే ముందు స్టీవార్డుల పత్రం చదవండి. అది అందరికీ అందుబాటులో పెడతారు, ఒకటి రెండు పేజీలకు మించదు. ఏం జరిగింది, ఏ నియమం, ఏ శిక్ష, ఎందుకు అన్నవి వరుసగా ఉంటాయి. మీ అభ్యంతరం ఆ నాలుగింటిలో దేనిమీదో చెప్పి, ల్యాపు నంబరు, మలుపు నంబరు వేసి రాయండి. "మా వాడికి అన్యాయం" అని ఊరుకుంటే ఎవరూ జవాబివ్వరు. అర్ధరాత్రి రేసులకు సోమవారం రాత్రి 8 దాకా గ్రూపులో ఫలితం, ఫోటో, ఏడుపు బొమ్మ ఏదీ పెట్టకూడదని ముందే కట్టుబాటు చేసుకోండి. పొద్దున్నే బడికో, మిల్లుకో, చెరువుగట్టుకో వెళ్లి సాయంత్రం వచ్చి రీప్లే చూసేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు.