తేలికైన ట్రైపాడ్ కొనాలంటే ముందు దాని చివరి గొట్టాలు చూడండి

నాకు జలపాతాలన్నా, చీకటిపడే వేళ వీధులన్నా ఇష్టం. షటర్ అర సెకను నుంచి పది సెకన్ల దాకా తెరిచి ఉంచాల్సిన ఫోటోలవి, చేత్తో పట్టుకుంటే రావు. అందుకని ఏ ఊరెళ్లినా బ్యాగులో ట్రైపాడ్, అంటే కెమెరా నిలబెట్టే మూడు కాళ్ల స్టాండు, ఉండాల్సిందే. ఖరీదైనది అక్కర్లేదు, కానీ ఎంచుకునేటప్పుడు మాత్రం ఓపిక కావాలి.

పెట్టె మీద పెద్దక్షరాలతో రెండు అంకెలు వేస్తారు: ఎంత బరువు మోస్తుంది, ఎంత ఎత్తు లేస్తుంది. ఆ రెండిటినీ చూసి కొనొద్దు. మోసే బరువును అన్ని కంపెనీలూ ఒకే పద్ధతిలో కొలవవు. 8 కిలోలు పెట్టినా విరగని ట్రైపాడ్ మీద, ఒక కిలో కెమెరా గాలికి వణకొచ్చు. ఇక ఎత్తంటారా, చాలావాటికి మధ్యలో ఉండే సెంటర్ కాలమ్‌ను పూర్తిగా పైకి లాగి కొలిచిన ఎత్తే వేస్తారు. ఆ కాలమ్ లేపితే మూడు కాళ్ల మీద ఒంటి కాలు నిలబెట్టినట్టే. దాన్ని దించేసి, కాళ్లు మాత్రమే చాపితే ఎంత ఎత్తొస్తుందో చూడండి. స్క్రీన్ పైకి తిరిగే కెమెరా అయితే ఛాతీ ఎత్తు చాలు. నేను ఎప్పుడూ ఆ ఎత్తులోనే తీస్తాను.

అసలు విషయం కాళ్ల మందం. ఒక్కో కాలూ ఒకదాంట్లో ఒకటి దూరే గొట్టాలు. నాలుగు గొట్టాల కాలు 22 మిల్లీమీటర్ల వ్యాసంతో మొదలై, గొట్టానికి మూడు చొప్పున తగ్గితే చివరిది 13 అవుతుంది. అయిదు గొట్టాలదైతే 10కి దిగిపోతుంది. తేడా మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ గొట్టం రేకు మందం ఒకటే అయినప్పుడు, దాని బిగువు (వంగకుండా నిలిచే గుణం) దాదాపు వ్యాసం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 13 మిల్లీమీటర్లది 10 దానికంటే రెండింతలకు పైనే బిగువుగా ఉంటుంది. కార్బన్ ఫైబర్ అయితే బరువు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. తక్కువ ధరలో అల్యూమినియమే తీసుకోండి. బరువు తగ్గాలంటే ఎత్తు వదులుకోండి, మందం మాత్రం వదులుకోవద్దు. ఒక కిలో, కిలోంబావు బరువుండి, మడిస్తే 40 సెంటీమీటర్ల దగ్గర ఆగేది ప్రయాణానికి బాగా కుదురుతుంది.

షాపుకు మీ కెమెరా, మీ దగ్గరున్న పొడవాటి లెన్స్ తీసుకెళ్లండి. కాళ్లు పూర్తిగా చాపి, కాలమ్ దించి, కెమెరా బిగించండి. దూరంగా ఉన్న ఏదో ఒక అక్షరాన్ని లైవ్ వ్యూలో (కెమెరా వెనక స్క్రీన్ మీద) చివరిదాకా పెద్దది చేసి, కాలి మీద వేలితో తట్టండి. అక్షరం వణికి వెంటనే కుదురుకోవాలి. చూస్తూ ఉన్నంతసేపూ ఊగుతుంటే దాన్ని వదిలేయండి. తర్వాత తల భాగాన్ని పట్టుకుని మెల్లగా మెలితిప్పండి. కాళ్లు కలిసే చోట కదలిక తెలిసిందంటే కీళ్లు వదులన్నమాట. ఇక బాల్ హెడ్, అంటే కెమెరాను ఎటు కావాలంటే అటు తిప్పి బిగించే తల భాగం. అదే అక్షరాన్ని ఫ్రేమ్ మధ్యలో పెట్టి బిగించి, చేతులు తీసేయండి. అక్షరం పైకి జరిగిందంటే కెమెరా కిందికి వాలిందని అర్థం. తక్కువ ధర హెడ్లలో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

హెడ్ ఊడదీయడానికి వీలుందో లేదో అడగండి. కింద 3/8 అంగుళాల స్క్రూ ఉంటే, కాళ్లు ఉంచుకుని రేపు మంచి హెడ్ మార్చుకోవచ్చు. కెమెరాకు బిగించే ప్లేటు ఆర్కా-స్విస్ తరహాది (చాలా కంపెనీలు వాడే ఆకారం) ఉండాలి. పోగొట్టుకుంటే ఏ కంపెనీదైనా కొనుక్కోవచ్చు. ఆ ఒక్క మోడల్‌కే సరిపోయే ప్లేటైతే, ప్రయాణం మధ్యలో అది పోయిన రోజున ట్రైపాడ్ ఉండీ లేనట్టే.

లాక్‌లు (గొట్టాలను బిగించి ఉంచేవి) తిప్పేవైనా, మీట నొక్కేవైనా ఫర్వాలేదు. మీట వేసిందీ లేనిదీ చూడగానే తెలుస్తుంది. తిప్పేవి బ్యాగులో దేనికీ చిక్కుకోవు. ఇసుకలో నిలబెట్టేటప్పుడు మాత్రం చివరి గొట్టాన్ని ముందు పూర్తిగా లాగండి, అప్పుడు లాక్ ఇసుకకు పైన ఉంటుంది. మిగతా చోట్ల లావు గొట్టాలే ముందు, సన్నవి అవసరమైతేనే.

గాలి ఎక్కువుంటే ఎత్తు తగ్గించి, కాలమ్ కింది కొక్కేనికి బ్యాగు తగిలించండి. బ్యాగు కాస్త నేలకు ఆనాలి, లేకపోతే అదే ఊగి కెమెరాను కదిలిస్తుంది. బటన్ నొక్కిన కుదుపు తగలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టండి. లెన్స్ బరువైతే ఒక కాలు లెన్స్ వైపే ఉండేలా నిలబెట్టండి, ముందుకు ఒరిగిపోదు.