ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పడం – 4వ పాఠం: టెస్ట్ బాగుంది, శ్రుతి ఏది?

వీణ మెట్ల మీద మన వేళ్ళు పిల్లలకి సరిగ్గా కనబడాలంటే కెమెరా ఏ వైపు పెట్టాలో ఈ వారం చెబుతానన్నాను. అది వచ్చే వారానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చదివి జూమ్‌లో మైకూ స్పీకరూ పరీక్ష చేసుకున్నవాళ్ళలో చాలామంది ఫోన్ చేసి దాదాపు ఒకే మాట చెప్పారు: "టెస్ట్ బ్రహ్మాండంగా వచ్చిందండీ, క్లాసే పాడైపోయింది." డెబ్భై దాటిన ఒక వయొలిన్ మాస్టారు, "ఏమ్మా, నేను సరళీ స్వరాలు వాయిస్తుంటే డల్లాస్‌లో పిల్లవాడికి ప్రతి దీర్ఘమూ మధ్యలోనే తెగిపోతోందట. నేను కమాను చివరిదాకా లాగుతూనే ఉన్నాను కదా!" అన్నారు. (సరళీ స్వరాలంటే సంగీతంలో మొట్టమొదటి పాఠాలు, కమాను అంటే వయొలిన్ తీగల మీద లాగే కర్ర.) ఆయన కమానులో లోపం లేదు. లోపం నేను చెప్పిన పరీక్షలో ఉంది.

పోయినసారి జూమ్ టెస్ట్ మీటింగ్‌లోకి వెళ్ళి చూసుకోమన్నాను. అందులో ముందు ఒక రింగ్‌టోన్ మోగుతుంది, వినబడిందా అని అడుగుతుంది. తర్వాత మనం మాట్లాడి ఆగితే మన మాటే మనకి తిరిగి వినిపిస్తుంది. రెండింటికీ అవునని నొక్కితే అయిపోయినట్టే. ఆఫీసు మీటింగుకి ఆ పరీక్ష చాలు. మనం మాటతో పరీక్ష చేసుకుని పాటకి వెళ్ళాం, తేడా అక్కడే వచ్చింది. పాడి చూసుకోండి అని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది.

అసలు ఏం జరుగుతోందో చెబుతాను. ఈ యాప్‌లు మైకులోంచి వచ్చే శబ్దాన్ని ఉన్నదున్నట్టు అవతలికి పంపవు. ముందు జల్లెడ పడతాయి. ఫ్యాను హోరు, ఏసీ గుర్రు, వీధిలో జనరేటర్ మోత, ఇవన్నీ రొద అని తీసేసి మనిషి మాటని మాత్రం ఉంచాలని వాటి ప్రయత్నం. మరి ఏది మాట, ఏది రొద అని ఎలా పోల్చుకుంటాయి? మాట క్షణక్షణం మారుతుంది, ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. రొద ఒకేలా సాగుతుంది. ఇప్పుడు పాటకి ఆధారంగా వెనక శ్రుతి మోగించే తంబురా గురించి ఆలోచించండి. ప స స స అని ఒకే తీరున, ఒకే స్థాయిలో, గంటసేపైనా సాగేదే కదా! ఆ జల్లెడ లెక్కలో తంబురాకీ ఫ్యానుకీ తేడా లేదు. అందుకే మీ పక్కన శ్రుతిపెట్టె నిండుగా మోగుతున్నా పిల్లలకి అది వినబడలేదు. మాస్టారి కమాను సంగతీ ఇంతే. షడ్జం (స) మీద నాలుగు అక్షరాలు (తాళంలో నాలుగు లెక్కలు) కదలకుండా నిలిపితే, రెండో అక్షరం దాటేసరికి యాప్‌కి అది రొదలా తోస్తుంది, కోసేస్తుంది. స్వరం ఎంత శుద్ధంగా, ఎంత స్థిరంగా నిలిస్తే అంత త్వరగా తెగుతుంది. మొదటిసారి ఈ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ వేసింది. ఏళ్ళ తరబడి సాధన చేసి తెచ్చుకున్న నిలకడే ఇక్కడ మనకి అడ్డొస్తోంది.

దీనికి మందు ఉంది. జూమ్ సెట్టింగుల్లో ఆడియో భాగంలోకి వెళితే 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని కనబడుతుంది. దాన్ని ఎంచుకోండి, దాని కింద ఉన్న 'హై ఫిడెలిటీ మ్యూజిక్ మోడ్' కూడా పెట్టండి. సెట్టింగుల్లో పెట్టి ఊరుకుంటే చాలదు. మీటింగ్ మొదలయ్యాక తెరమీద 'ఒరిజినల్ సౌండ్' అనే బటన్ వస్తుంది, అది ఆన్ అని చూపిస్తోందో లేదో ప్రతి తరగతిలోనూ చూడాలి. నేను తలుపు గడియ చూసుకున్నట్టు చూసుకుంటాను. ఒక్క హెచ్చరిక: ఇది ఆన్ చేస్తే జల్లెడ పోతుంది కాబట్టి ఫ్యాను మోత కూడా యథాతథంగా వెళ్ళిపోతుంది. పాఠం జరిగినంతసేపూ ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో అది ఎంత కష్టమో నాకూ తెలుసు. మరో సంగతి, ఇది ఆన్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ స్పీకర్‌లో పిల్లల గొంతు వినకండి, చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకోండి. లేకపోతే వాళ్ళ గొంతు మీ మైకులో పడి వాళ్ళకే తిరిగి వినిపిస్తుంది.

నా పద్ధతి ఇంకోటి ఉంది, నచ్చితే పాటించండి. నేను శ్రుతిని ఇక్కణ్ణుంచి అసలు పంపను. పిల్లల ఇంట్లోనే శ్రుతి యాప్ పెట్టిస్తాను. అయిదు శ్రుతి (ఆధార స్వరం ఎంత ఎత్తున ఉండాలో చెప్పే అంకె) అంటే ఇద్దరం అయిదు శ్రుతే. నా శ్రుతి నా ఒక చెవిలో మాత్రం మోగుతుంది. మొదటి నిమిషంలో పిల్లచేత షడ్జం పాడించి నా శ్రుతితో కలుస్తోందో లేదో చూస్తాను. కలవకపోతే తొంభై పాళ్ళు ఎవరో ఆ యాప్‌లో ఫైన్ ట్యూన్ (శ్రుతిని సన్నగా సవరించేది) కదిపి ఉంటారు.

జూమ్ ఎలా పెట్టుకోవాలి, లింకు ఎలా పంపాలి, ఇవి మళ్ళీ చెప్పను.

ఇక నన్ను విసిగించే విషయానికి వస్తాను. "హెడ్‌సెట్ పెట్టుకునే టెస్ట్ చేశానండీ" అంటారు. పెట్టుకున్నారు, నిజమే. అందులో మాట్లాడారా? హెడ్‌సెట్ చెవికి ఉన్నంత మాత్రాన మీ గొంతు దాని మైకులోంచే వెళుతోందని కాదు. యాప్ ల్యాప్‌టాప్ మూతలో ఉన్న చిన్న మైకునే పట్టుకుని కూర్చుని ఉండొచ్చు. మీరు గదిలో ఉన్నారు కాబట్టి ఆ మైకూ మీ మాట వింటుంది, టెస్టులో తిరిగి వినిపిస్తుంది, మీరు అవునని నొక్కేస్తారు. తరగతిలో కాస్త వెనక్కి జరిగి పద్మాసనం వేసుకుని కూర్చున్నాక గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. ఇది నేను లెక్కపెట్టలేనన్నిసార్లు చూశాను.

కనిపెట్టడానికి మాట్లాడకండి, గోకండి. జూమ్‌లో మైకు బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే మైకుల జాబితా, దాని కిందే స్పీకర్, మైకు పరీక్ష కనబడతాయి. ఆ పరీక్ష తెరిచి నోరు మూసుకుని, హెడ్‌సెట్ మైకు మీద గోటితో మెల్లగా రెండుసార్లు గోకండి. తెరమీద శబ్దం కొలిచే గీత ఒక్కసారిగా ఎగిరిందా? ఆ మైకు పనిలో ఉంది. కదలకుండా పడి ఉందా? ఇప్పుడు ల్యాప్‌టాప్ మూత అంచు మీద, కెమెరా పక్కన గోకండి. అక్కడ ఎగిరితే దొంగ దొరికినట్టే. జాబితాలోంచి సరైన మైకు ఎంచుకుని మళ్ళీ గోకండి. ఇంటర్నెట్‌లో దీనికి పేజీలకి పేజీలు రాస్తారు, నాకు గోరు చాలు.

తీగ ఉన్న ఇయర్‌ఫోన్ అయితే పిన్ను కూడా చూడండి. దాని లోహం మీద నల్లని వలయాలు ఉంటాయి. మూడు ఉంటే మైకు ఉన్న పిన్ను, రెండే ఉంటే వినడానికి మాత్రమే. పాత కంప్యూటర్లకి గులాబీ రంగు కన్నం మైకుకి, ఆకుపచ్చది చెవికి వేరువేరుగా ఉంటాయి. మూడు వలయాల పిన్ను తెచ్చి ఆకుపచ్చ కన్నంలో పెడితే మనకి వినబడుతుంది, మన మైకు పనిచేయదు. రెండు కన్నాలకీ కలిపే చిన్న జోడుతీగ కరెంటు సామాన్ల కొట్లో అడిగితే ఇస్తారు.

బ్లూటూత్ సంగతి. సంగీతానికి నేను ఒప్పుకోను. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ పాట వినేటప్పుడు ఒకలా, మైకు తెరవగానే ఇంకోలా పనిచేస్తుంది. మైకు తెరిస్తే అది టెలిఫోన్ పద్ధతికి మారిపోతుంది. సీడీలో సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి నింపుతారు. టెలిఫోన్ పద్ధతిలో సెకనుకి 16 వేలు, కొన్నింటిలో 8 వేలే. పైస్థాయి స్వరాల మెరుపంతా అక్కడే రాలిపోతుంది. మీ గొంతు వాళ్ళకీ, వాళ్ళ గొంతు మీకూ రేకుడబ్బాలో మోగినట్టు ఉంటుంది. కంప్యూటర్ జాబితాలో 'హ్యాండ్స్ ఫ్రీ' అని కనబడితే ఇదే. రెండు వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్ ఇంతకంటే నయం.

నెట్ గురించి క్లుప్తంగా. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు అందరూ డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు. మన గొంతు, మన బొమ్మ వెళ్ళేది అప్‌లోడ్‌లో. ఒక్క విద్యార్థితో ఒక మాదిరి మంచి బొమ్మకి 600 కేబీపీఎస్ చాలు, 720పీ బొమ్మకి 1.2 ఎంబీపీఎస్ కావాలని జూమ్ చెబుతుంది. అంటే పెద్ద ప్లాను అక్కర్లేదు, ఆ కొద్దిపాటిది తెగకుండా ఉండాలి. అందుకని తరగతి జరిగే వేళలోనే పరీక్షించండి. మధ్యాహ్నం రెండింటికి ఇల్లంతా నిద్రపోతున్నప్పుడు చేసిన పరీక్ష, సాయంత్రం ఏడింటికి టీవీ, ముగ్గురి ఫోన్లు నడుస్తున్నప్పుడు పనికిరాదు. ఫోన్ మీద పాఠం చెప్పేవాళ్ళు కాల్స్ రాకుండా డు నాట్ డిస్టర్బ్ పెట్టుకోండి. కాల్ వస్తే మైకుని అది లాగేసుకుంటుంది.

తాళం కలవడం లేదని బెంగపెట్టుకున్నవాళ్ళు ముగ్గురున్నారు. అది మీ సెటప్ లోపం కాదు, ఏ పరీక్షతోనూ పోదు. ఇక్కణ్ణుంచి న్యూజెర్సీ సుమారు 13 వేల కిలోమీటర్లు. నెట్ నడిచే గాజు తీగలో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా పోయినా ఒక వైపుకే 65 మిల్లీసెకన్లు, రానూపోనూ 130. దారి తిన్నగా ఉండదు, మధ్యలో యాప్ చేసే పనికి ఇంకొంత. మీరు వేసిన దెబ్బ వాళ్ళకి ఆలస్యంగా చేరుతుంది, దానికి వాళ్ళు వేసింది మీకు మరింత ఆలస్యంగా వస్తుంది. కలిసి పాడాలని చూడకండి. మీరు ఒక ఆవర్తం (తాళం ఒక చుట్టు) పాడి ఆపండి, వాళ్ళు పాడతారు. ఆ సమయంలో మీరు తాళం వేయకండి, పిల్లనే వేసుకోనివ్వండి. పాతకాలం గురువులు చెప్పిన తీరూ చాలావరకూ ఇదే కదా.

ఇప్పుడు అభ్యాసం. ఈసారి కాస్త ఎక్కువే ఇస్తున్నాను. వరసగా మూడు రోజులు, మీ తరగతి వేళకే చేయాలి.

మొదటి రోజు ల్యాప్‌టాప్‌లో మీటింగ్ తెరిచి, ఇంట్లో ఇంకో ఫోన్‌లోంచి అదే మీటింగులో చేరండి. ఆ ఫోన్ వైఫై ఆపేసి సిమ్ డేటా మీద ఉంచి, వెనక గదిలో ఎవరికైనా ఇచ్చి ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి. రెండూ ఒకే గదిలో ఉంటే ఒకదాని శబ్దం ఇంకోదానిలో పడి కీచుమని కూత పెడతాయి, జాగ్రత్త. షడ్జం నిలిపి ఎనిమిది అక్షరాలు పాడండి. ఎన్నో అక్షరం దగ్గర సన్నబడిందో వినేవాళ్ళు వేలెత్తి లెక్కపెట్టాలి. ఒరిజినల్ సౌండ్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి.

రెండో రోజు నలభై నిమిషాలూ పూర్తిగా పాఠంలా గడపండి. ఉచిత ఖాతాలో మీటింగు అక్కడికి ముగుస్తుంది, అది ఎలా ఆగిపోతుందో పిల్లల ముందు కాకుండా ఒంటరిగా ఒకసారి చూసుకోవడం మంచిది. ఇరవయ్యో నిమిషంలో రౌటర్ స్విచ్చి మీరే ఆపండి. కరెంటు పోయినట్టు అనుకుని ఫోన్ హాట్‌స్పాట్ మీదికి మారి మళ్ళీ పాట అందుకోవడానికి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. మొదటిసారి నాకు నాలుగు నిమిషాలు పట్టింది, ఇప్పుడు ఒక నిమిషం లోపే.

మూడో రోజు మీ విద్యార్థి తల్లినో తండ్రినో అయిదు నిమిషాలు అడగండి. వాళ్ళు కంప్యూటర్‌లో ఉంటే మీరు రికార్డింగ్ అనుమతి ఇవ్వండి, వాళ్ళ వైపు రికార్డు చేసి మీకు పంపమనండి. అందులో మాయామాళవగౌళ రాగంలో ఒక సరళీ వరస మొదటి కాలంలో (నిదానంగా) ఉండాలి, ఒక గీతం ఉండాలి, ఏమీ పాడకుండా మౌనంగా కూర్చున్న ఒక నిమిషమూ ఉండాలి. ఆ మౌనంలో ఏం వినబడుతోందో శ్రద్ధగా వినండి. నాది విన్నప్పుడు వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటున్న శబ్దం బయటపడింది. అప్పటినుంచి ఆ తలుపు వేసి కూర్చుంటున్నాను. మీకు వినబడినవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టండి, కెమెరా పాఠం మొదలుపెట్టే ముందు ఆ కాగితం అడుగుతాను.