జపాన్ గ్రీన్ టీ: ఏ ఆకు కొనాలి, ఏ పాత్రలో ఎలా పోయాలి

మొదటిసారి సెంచా అనే జపాన్ గ్రీన్ టీ పొట్లం విప్పిన రోజున నేను చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పనే చేశాను. గిన్నెలో నీళ్లు తెర్లించి, రెండు చెంచాల ఆకు వేసి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగాను. వడగట్టి నోట్లో పోసుకుంటే అది టీలా లేదు, జ్వరానికి కాచే కషాయంలా ఉంది. నాలుకంతా వగరెక్కింది, గొంతులో చేదు పట్టుకుంది. లోపం ఆకుదేనని తీర్మానించి ఆ పొట్లాన్ని ఆరు నెలలపాటు అలమరలో మూలన పడేశాను. అసలు లోపం నీళ్ల వేడిదని ఆ తరువాత తెలిసింది. జపాన్ గ్రీన్ టీ మొదలుపెట్టేవారు ముందుగా నేర్చుకోవలసిన విద్య నీళ్లు చల్లార్చడమే. పాత్రలు, తూనికలు, గడియారం అన్నీ దాని వెనుక వచ్చేవి.

వేడికి అంత ప్రాధాన్యం ఎందుకో తెలియాలంటే ఆకు ఎలా తయారవుతుందో కొంత తెలియాలి. మన ఇళ్లలో పాలతో మరిగించే టీ పొడి, జపాన్ గ్రీన్ టీ రెండూ ఒకే జాతి మొక్క నుంచి వస్తాయి. మన పొడికి ఆకును నలగ్గొట్టి, గాలి తగిలి ఎర్రబడేదాకా ఉంచుతారు. జపాన్‌లో కోసిన ఆకుకు వెంటనే ఆవిరి పట్టి ఆ మార్పును మొదట్లోనే ఆపేస్తారు. చైనాలో ఎక్కువగా ఆవిరికి బదులు వేడి మూకుడులో వేయిస్తారు, అందుకే ఆ రెండు దేశాల గ్రీన్ టీల రుచిలో అంత తేడా ఉంటుంది. ఆవిరి పట్టిన ఆకును వేడి మీద ఆరబెడుతూనే నలిపి సూదుల్లా సాగదీసే పద్ధతిని 1738లో క్యోటో దగ్గరి ఉజి ప్రాంతానికి చెందిన నగతాని సోయెన్ అనే రైతు రూపొందించారని చెబుతారు. నేటి సెంచాకు మూలం అదే.

ఈ ఆకులో రుచికి సంబంధించినవి ముఖ్యంగా రెండు. ఒకటి థియనిన్ అనే అమైనో ఆమ్లం. దీని రుచిని జపాన్‌వారు ఉమామి అంటారు, మన భాషలో కమ్మదనం అంటే సరిగ్గా సరిపోతుంది. రెండవది వగరునిచ్చే కాటెచిన్లు. థియనిన్ గోరువెచ్చని నీళ్లలోనూ దిగుతుంది, కాటెచిన్లు మాత్రం నీళ్లు 80 డిగ్రీలు దాటితే జోరుగా దిగుతాయి, వాటితో పాటే కెఫీన్ చేదూ పెరుగుతుంది. కాబట్టి మరుగుతున్న నీళ్లు పోసినవారికి కమ్మదనం అందకుండా పోదు, వగరు కింద కనపడకుండా మునిగిపోతుంది.

ఇక ఏ ఆకు కొనాలన్నది ప్రశ్న. దుకాణంలోనైనా ఆన్‌లైన్‌లోనైనా పేర్ల జాబితా చూస్తే తల తిరుగుతుంది కానీ, మొదటి కొనుగోలుకు రెండు చాలు: ఒక మధ్యరకం సెంచా, దానికి తోడు హోజిచా లేదా గెన్మైచా. సెంచాలోనే ఫుకముషి అనే రకం ఉంది. మామూలు సెంచాకు అర నిమిషం పైచిలుకు ఆవిరి పడితే, దీనికి నిమిషం, అంతకు మించి కూడా పడతారు. ఆ దెబ్బకు ఆకు మెత్తబడి పొడిపొడిగా విరుగుతుంది, టీ చిక్కటి ఆకుపచ్చగా, కాస్త మడ్డితో దిగుతుంది, వగరు తగ్గుతుంది. కొత్తవారి చేతిలో పొరపాటు జరిగినా ఇది కొంత మన్నిస్తుంది కనుక నా ఓటు దీనికే. షిజుఓకా రాష్ట్రంలోని మకినొహరా ప్రాంతం ఈ రకానికి పేరుపొందింది.

గెన్మైచా అంటే సెంచాలోనో, బంచా అనే ముదురు ఆకు టీలోనో వేయించిన బియ్యం కలిపినది. పొట్లం విప్పగానే వచ్చే వాసన మనకు కొత్తగా ఉండదు, సంక్రాంతి ముందు పేలాలు వేయించిన ఇల్లు గుర్తొస్తుంది. హోజిచా కాల్చిన ఆకు, గోధుమరంగులో ఉంటుంది, కెఫీన్ తక్కువ, రాత్రి భోజనం తరువాత కూడా తాగవచ్చు. ఈ రెండింటికీ మరిగే నీళ్లు పోసినా ఇబ్బంది లేదు, అర నిమిషంలో దిగిపోతాయి. పాలు లేనిదే టీ తాగలేమనే పెద్దలు ఇంట్లో ఉంటే వారికి హోజిచాతో మొదలుపెట్టడం మేలు, అది పాలకు కూడా ఒదుగుతుంది.

గ్యొకురో, మాచా రెండూ నీడలో పెంచిన ఆకుతో చేసేవి. కోతకు ఇరవై రోజుల ముందు నుంచి తోట మీద కప్పు వేస్తే, ఎండ తగలక థియనిన్ కాటెచిన్‌గా మారడం తగ్గి కమ్మదనం ఆకులోనే నిలిచిపోతుంది. ఉజి, యమె ప్రాంతాల గ్యొకురోకు మంచి పేరు, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. సెంచా చేతికి వచ్చేదాకా వీటి జోలికి పోకపోవడం మంచిది.

పొట్లం మీద చూడవలసినవి కొన్ని. ఏ ప్రాంతపు ఆకో, ఏ సంవత్సరపు కోతో రాసి ఉండాలి, పదార్థాల చోట తేయాకు (గెన్మైచా అయితే బియ్యం కూడా) తప్ప మరొకటి ఉండకూడదు. జపాన్‌లో తొలి కోత ఏప్రిల్ నుంచి మే వరకు సాగుతుంది, దాన్ని షించా అంటారు. ఇది మన పాత బియ్యంలాంటి సరుకు కాదు, ఏడాది నిలవ ఉంటే పరిమళం పోతుంది. అందుకే 50 లేదా 100 గ్రాముల పొట్లమే కొని, విప్పిన నెలరోజుల్లో పూర్తి చేయాలి. విశాఖ, విజయవాడల్లాంటి ఉక్కపోత ఊళ్లలో ఈ నియమం మరీ ముఖ్యం. విప్పని పొట్లాన్ని ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు, కానీ బయటకు తీసిన వెంటనే విప్పకూడదు, చల్లటి ఆకు మీద గాలిలోని తేమ దిగి ఆకు మెత్తబడిపోతుంది. ఒక పూట బయట ఉంచి గది వేడికి వచ్చాక విప్పాలి. విప్పిన తరువాత బిగుతుగా మూతపడే డబ్బాలో పోసి, పోపుల పెట్టెకు దూరంగా పెట్టుకోవాలి. ఆకు పక్కనున్న వాసనలన్నింటినీ పీల్చేస్తుంది. ఇంగువ వాసన సెంచా ఒకసారి తాగాను, మళ్లీ తాగను.

సామగ్రిలో మొదట చెప్పవలసింది క్యూసు. ఇది చిన్న మట్టి టీ కూజా. పిడి వెనకవైపు కాక పక్కకు, గరిటె కాడలా పొడుచుకుని ఉంటుంది. పిడిని నాలుగు వేళ్లతో పట్టుకుని బొటనవేలితో మూతను అదిమి, మణికట్టును కొద్దిగా తిప్పితే చాలు, టీ ధారగా పడుతుంది. ముక్కు మొదట్లో లోపలివైపు మట్టితోనే చేసిన సన్నని జల్లెడ ఉంటుంది, మేలైన క్యూసుకు అదే గుర్తు. ఐచి రాష్ట్రంలోని తొకొనమె ఎర్రమట్టి క్యూసులు, మియె రాష్ట్రంలోని యొక్కయిచిలో చేసే ఊదారంగు బంకొ క్యూసులు ప్రసిద్ధమైనవి. ఇద్దరికి 200 నుంచి 250 మిల్లీలీటర్లది సరిపోతుంది. ఎడమచేతి వాటం వారు పిడి ఎటువైపుందో చూసుకుని కొనాలి. పైపూత లేని మట్టి క్యూసును సబ్బుతో కడగకూడదు, వేడినీళ్లతో కడిగి మూత తీసి ఆరబెట్టాలి.

అయితే మొదటి నెల క్యూసు లేకుండా కూడా గడుస్తుంది. ఒక పింగాణీ కప్పు, దాని మీద పెట్టే మూత, సన్నని టీ వడపోత ఉంటే పని జరుగుతుంది. నా అభిప్రాయంలో తొలి డబ్బు ఆకు మీద పెట్టాలి, రెండవది గ్రాములు తూచే చిన్న వంటింటి త్రాసు మీద, మూడవది క్యూసు మీద. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. జపాన్ టీ పాత్రలంటూ అమ్మే నల్లటి పోత ఇనుప కూజాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, వేడిని పట్టుకుని వదలవు, సెంచా అందులో ఉడికిపోతుంది. ఆకు విచ్చుకోవడానికి చోటులేని గుండ్రటి స్టీలు గుళికలు కూడా అనవసరం.

నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. జపాన్ నీళ్లు ఎక్కువగా మెత్తనివి, ఆ ఆకును ఆ నీళ్లకు తగ్గట్టే తీర్చిదిద్దారు. హైదరాబాద్ వంటి చోట్ల గిన్నెల్లో తెల్లటి గార కట్టే బోరు నీళ్లతో పోస్తే రంగు మసకబారి రుచి చప్పబడుతుంది. ఇంట్లోని ఆర్.ఓ. నీళ్లు ఈ పనికి బాగానే పనికివస్తాయి.

ఇక పోసే విధానం. ఇద్దరికి 5 గ్రాముల ఆకు, 180 మిల్లీలీటర్ల నీళ్లు లెక్క. నీళ్లను ఒక పొంగు రానిచ్చి దించాలి. ముందుగా ఖాళీ క్యూసులో పోసి, అందులోంచి రెండు కప్పుల్లోకి నింపాలి. దీనివల్ల క్యూసు వెచ్చబడుతుంది, నీళ్లు కొలతకు వస్తాయి, వేడీ తగ్గుతుంది. పాత్ర మారిన ప్రతిసారీ సుమారు 10 డిగ్రీలు పడిపోతుందని మోటుగా లెక్క వేసుకోవచ్చు. హోటల్లో కాఫీని గ్లాసులోంచి గిన్నెలోకి తిరగబోసే సూత్రమే ఇదీ. అయితే మందపాటి పింగాణీ లాగినంత వేడిని పలచటి స్టీలు గ్లాసు లాగదు, మే నెల మధ్యాహ్నం నీళ్లు మరింత నెమ్మదిగా చల్లారుతాయి. థర్మామీటరు లేకపోతే కప్పును అరచేతుల్లో పట్టుకుని చూడాలి. ముట్టుకోగానే చేయి వెనక్కి తీస్తే ఇంకా ఆగాలి, వేడిగా ఉన్నా పట్టుకోగలిగితే 70 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నట్టే.

అప్పుడు క్యూసులో ఆకు వేసి, కప్పుల్లోని నీళ్లను దాని మీదుగా మెల్లగా పోసి మూతపెట్టాలి. మామూలు సెంచాకు ఒక నిమిషం, ఫుకముషికి అర నిమిషం పైన కొద్దిగా. ఈలోగా క్యూసును కుదపడం, చెంచాతో కలపడం చేయకూడదు, కదిలిన కొద్దీ వగరు దిగుతుంది. మూత తీసి తొంగిచూస్తే, సూదుల్లా ఉన్న ఆకులు చుట్టలు వీడి లేత చిగుళ్లలా పరుచుకుంటూ కనిపిస్తాయి, అప్పుడే కోసిన గడ్డి వాసన, దానితో కలిసి కొద్దిగా సముద్రపు గాలి వాసన వస్తాయి.

వంచేటప్పుడు ఒక కప్పు పూర్తిగా నింపి రెండవదానికి వెళ్లకూడదు. మొదటి కప్పులో కొంత, రెండవదానిలో కొంత, మళ్లీ వెనక్కి వస్తూ కొంత పోస్తే రెండింటిలో చిక్కదనం సమానంగా ఉంటుంది. చివరి చుక్క దాకా వంచాలి. రుచి అంతా ఆ చివరి చుక్కల్లోనే ఉంటుంది, పైగా క్యూసులో మిగిలిన నీళ్లు ఆకును నానబెట్టి రెండవ విడతను చేదు చేస్తాయి. వంచాక మూతను కొంచెం పక్కకు జరిపితే లోపలి ఆవిరికి ఆకు మగ్గదు. రెండవ విడతకు నీళ్లు 80 డిగ్రీల పైన ఉండవచ్చు, 10 నుంచి 15 సెకన్లు చాలు, ఎందుకంటే ఆకు అప్పటికే విచ్చుకుని ఉంటుంది. మూడవ విడతకు మరింత వేడి నీళ్లు, అర నిమిషం. మొదటిది కమ్మగా, రెండవది చురుగ్గా, మూడవది తేలికగా ఉంటాయి. నాకు రెండవదే ఇష్టం.

గ్యొకురో దాకా వచ్చినవారు 5 గ్రాములకు 60 మిల్లీలీటర్ల నీళ్లే పోయాలి. 50 నుంచి 60 డిగ్రీల వేడి, రెండు నిమిషాల ఓపిక కావాలి. దిగేది నాలుగు గుక్కలే, గటగటా తాగేది కాదు. మాచాకు 2 గ్రాముల పొడిని సన్నని జల్లెడలో జల్లించి, 80 డిగ్రీల నీళ్లు 70 మిల్లీలీటర్లు పోసి, చాసెన్ అనే వెదురు చిలుకుతో నురగ తేలేదాకా చిలకాలి. నారా రాష్ట్రంలోని తకయమ ప్రాంతం చాసెన్ల తయారీకి పేరుమోసినది. కవ్వంలా గుండ్రంగా తిప్పితే నురగ రాదు, మణికట్టుతో ముందుకూ వెనక్కూ వేగంగా ఆడించాలి.

మన వేసవికి తగినది మిజుదాషి, అంటే చన్నీళ్లలో దించే టీ. లీటరు నీళ్లలో 10 నుంచి 15 గ్రాముల సెంచా వేసి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచి వడగట్టాలి. చన్నీళ్లలో వగరు బాగా తక్కువ దిగుతుంది కనుక చెడగొట్టడం దాదాపు అసాధ్యం. థర్మామీటరుతో, గడియారంతో తంటాలు పడలేమనుకునేవారు ఏప్రిల్ నెలలో ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

అలమరలో పడి ఉన్న నా మొదటి పొట్లం గురించి చెప్పాలి. ఆరు నెలలకు దాని పరిమళమంతా పోయింది, చల్లార్చిన నీళ్లు పోసినా చప్పగా దిగింది. పారేయకుండా, పోపు వాసన అంటని ఇనుప మూకుడును సన్నని మంట మీద వేడిచేసి, గుప్పెడు ఆకు వేసి చెక్క గరిటెతో వదలకుండా కలిపాను. రెండు మూడు నిమిషాల్లో పచ్చదనం పోయి గోధుమరంగు తిరిగింది, వేయించిన శనగల్లాంటి కమ్మటి వాసన వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. పొగ లేవకముందే పళ్లెంలోకి తీసి ఆరబెట్టాను, మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతుంది. అలా ఇంట్లో తయారైన హోజిచాకు మాత్రం నీళ్లు చల్లార్చనక్కర లేకపోయింది.