పలక మీద పాత స్పీకరు – 3వ పాఠం: క్రాసోవర్ కట్టుకోవడం

పోయిన పాఠంలో పలక కోసుకున్నాం. 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 ఎత్తు, 19 ఎం.ఎం. ప్లై. స్పీకరు కన్నం మాత్రం నట్టనడుమ కాకుండా నాలుగు వేళ్లు పక్కకు జరిపి కోయమన్నాను. ఎందుకో అప్పుడు చెప్పలేదు. క్రాసోవర్ అంటే కింది స్వరాలను పెద్ద కోన్‌కూ (స్పీకరులో ఊగే గరాటు), పై స్వరాలను ట్వీటర్ అనే చిన్న స్పీకరుకూ పంచే సర్క్యూట్. దానికీ ఆ కన్నానికీ సంబంధం ఉంది కాబట్టి ముందు అది చెప్తాను.

డబ్బా లేని పలక మీద కోన్ ముందుకు ఎంత గాలి తోస్తుందో, వెనక నుంచి అంత లాక్కుంటుంది. ముందు శబ్దం, వెనక శబ్దం ఒకదానికొకటి తలకిందులు. వెనకది పలక అంచు చుట్టూ తిరిగి ముందుకొస్తుంది. అలా రావడానికి అది అదనంగా నడిచే దూరం, మన పలకకైతే సగం వెడల్పు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు. ఎండాకాలంలో మన గదుల్లో శబ్దం సెకనుకు 350 మీటర్ల వేగంతో పోతుంది. 350ని 0.3తోనూ ఆరుతోనూ భాగిస్తే 194 హెర్ట్జ్ వస్తుంది. అక్కడి నుంచి కిందికి, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ బేస్ 6 డెసిబెల్స్ చొప్పున పలచబడుతుంది. అదే 583 దగ్గర రెండు శబ్దాలూ కలిసి ఉబ్బు వస్తుంది, 1,166 దగ్గర కొట్టుకుపోయి గుంట పడుతుంది. కన్నం నట్టనడుమ ఉంటే రెండు పక్కల అంచులూ ఒకే దూరంలో ఉండి, ఆ ఉబ్బూ గుంటా ఒక్కచోటే పేరుకుంటాయి. పక్కకు జరిపితే చెదిరిపోతాయి. పాఠం చివర ట్వీటర్‌ను తగ్గించేటప్పుడు ఈ పలచబడిన బేస్ మళ్లీ గుర్తుకు రావాలి.

మన పలక మీద పెట్టేది కోయాక్సియల్ స్పీకరు. కోయాక్సియల్ అంటే పెద్ద కోన్ నడిమధ్యలో చిన్న ట్వీటర్ కూర్చున్న స్పీకరు. 1940లలో అమెరికాలో ఆల్టెక్ 604, 1947లో ఇంగ్లండులో టానోయ్ డ్యూయల్ కాన్‌సెంట్రిక్ ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. మనకు దొరికేవి అంత గొప్పవి కానక్కర్లేదు. పాత రేడియోగ్రామ్‌లోంచి తీసినవో, మూతపడిన మైక్‌సెట్ షాపు అటక మీద దొరికినవో చాలు. ఒక్కటి మాత్రం చూసుకోండి. మధ్యలో పెద్ద కోన్‌కే అతికించిన చిన్న కాగితం గరాటు ఉంటే అది కోయాక్సియల్ కాదు, దానికి క్రాసోవర్ అక్కర్లేదు. ట్వీటర్‌కు విడిగా అయస్కాంతం, విడిగా రెండు వైర్లు ఉండాలి.

ఇలాంటి స్పీకర్లలో చాలావాటికి తయారీదారు ట్వీటర్ ముందు ఒకే ఒక ఎలక్ట్రోలిటిక్ (లోపల తడి రసాయనం ఉండే రకం) కెపాసిటర్ పెట్టి వదిలేశాడు. పెద్ద కోన్‌కు అడ్డేమీ లేదు, పై స్వరాలు కూడా దానిలోకే పోతాయి. నలభై యాభై ఏళ్లలో ఆ కెపాసిటర్ లోపల ఎండిపోయి విలువ మారిపోయి ఉంటుంది. దాన్ని కోసి పారేయండి, కొలిచి చూడక్కర్లేదు.

నేను మొదటిసారి కట్టిన క్రాసోవర్ సూత్రం ప్రకారం తప్పులేనిది. స్పీకరు మీద 8 ఓమ్స్ (కరెంటుకు అది ఎంత అడ్డో చెప్పే కొలత) అని ఉంది, 8 అనుకునే లెక్కేశాను. పాట పెడితే చప్పుడు బాగానే వచ్చింది. కానీ రెండు రోజులు విన్నాక ఏదో గీసుకుంటున్నట్టు అనిపించింది. చివరికి మా అమ్మ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాను. ఆవిడ విష్ణుసహస్రనామం చదువుతోంది. ‘శేషశాయి’ అన్నది నాకు ‘సేససాయి’ అని వినిపించింది. ఆవిడ అలా పలికే మనిషి కాదు. తప్పు స్పీకరుదే.

మన భాషలో శ, ష, స మూడూ వేరు. షకారం బలం సుమారు 2,500 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, సకారం బలం 4,000 దాటాక ఉంటుంది. మనం పెద్ద కోన్ నుంచి ట్వీటర్‌కు అప్పగించేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. అక్కడ అతుకు సరిగా పడకపోతే మూడక్షరాలూ ఒకటైపోతాయి. అందుకే ఇప్పటికీ నా మొదటి పరీక్ష వీణా కాదు, మృదంగమూ కాదు. ఇంట్లో మనిషి గొంతు, అసలు మనిషి పక్కనే ఉండగా.

ఇంతకీ తప్పెక్కడ జరిగింది? స్పీకరు వెనక అచ్చేసిన 8 ఓమ్స్ అన్నది పేరు లాంటిది. మల్టీమీటర్ పెడితే నా 10 అంగుళాల స్పీకరు 6.4 చూపించింది. కోన్‌ను కదిలించే వాయిస్ కాయిల్ కూడా తీగ చుట్టే కాబట్టి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని అడ్డు పెరుగుతుంది. 2,500 దగ్గర అది 14కు పోయింది. 8 ఓమ్‌లకు లెక్కేసిన క్రాసోవర్ కాయిల్, 14 ఓమ్‌ల ముందు పెడితే కోత సరిగా కోయదు. పెద్ద కోన్ ఆపాల్సినచోట ఆగకుండా ఇంకా అరుస్తూనే ఉంటుంది, దాని మీద ట్వీటర్ వచ్చి పడుతుంది.

కాబట్టి లెక్కకు ముందు కొలత. ట్వీటర్ వైర్లు విప్పేయండి. యాంప్లిఫయర్ ప్లస్ నుంచి 10 ఓమ్స్, 10 వాట్ల తెల్ల సిమెంట్ రెసిస్టర్, దాని తర్వాత పెద్ద కోన్, అక్కడి నుంచి మైనస్‌కు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్‌తో 2,500 హెర్ట్జ్ పెట్టి, వాల్యూమ్ చెవికి ఇబ్బంది లేనంతవరకే పెంచండి. మీటరు ఏసీ వోల్ట్స్‌లో పెట్టి, ముందు రెసిస్టర్ మీద, తర్వాత స్పీకరు మీద వోల్టేజీ రాసుకోండి. స్పీకరు వోల్టేజీని రెసిస్టర్ వోల్టేజీతో భాగించి 10తో గుణిస్తే ఓమ్‌లు వచ్చేశాయి. నాకు 1 వోల్టు, 1.41 వోల్టులు వచ్చాయి, అంటే 14.1 ఓమ్‌లు. చవక మీటర్లు ఇంత పై ఫ్రీక్వెన్సీలో ఏసీని తప్పు చూపిస్తాయి, నిజమే. కానీ రెండు కొలతలూ అదే మీటరుతో, అదే ఫ్రీక్వెన్సీ దగ్గర తీస్తున్నాం. తప్పు రెండింట్లోనూ ఒకే పాళ్లలో ఉంటుంది, భాగిస్తే చాలావరకు పోతుంది.

ఇలాగే ట్వీటర్‌ను కూడా, చాలా చిన్న వాల్యూమ్‌లో, 600 నుంచి పైకి మెల్లగా కొలుచుకుంటూ వెళ్లండి. ఒకచోట ఓమ్‌లు కుప్పలా పెరిగి మళ్లీ దిగుతాయి. అదే దాని రెసొనెన్స్, అంటే అది తనంతట తానే ఎక్కువగా ఊగే చోటు. క్రాసోవర్ ఆ చోటుకు కనీసం రెట్టింపు ఎత్తులో ఉండాలి. నాది 1,100 దగ్గర వచ్చింది, అందుకే 2,500 ఎంచుకున్నాను.

ఇప్పుడు పెరిగిపోయే ఆ ఓమ్‌లను సాఫు చేయాలి. పెద్ద కోన్ రెండు టెర్మినళ్ల మీద నేరుగా, ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ వరసగా కలిపి అడ్డంగా వేస్తే సరి. దీన్ని జోబెల్ అంటారు. రెసిస్టర్ విలువ మల్టీమీటర్ చూపిన ఓమ్‌లకు ఒకటింబావు రెట్లు: 6.4కు 8. కెపాసిటర్‌కు ముందు వాయిస్ కాయిల్ ఎన్ని మిల్లీహెన్రీలో తెలియాలి. 14.1 వర్గంలోంచి 6.4 వర్గం తీసేసి వర్గమూలం కడితే 12.56. దాన్ని 159తో గుణించి 2,500తో భాగిస్తే 0.8 మిల్లీహెన్రీ. 0.8ని వెయ్యితో గుణించి, 8 వర్గమైన 64తో భాగిస్తే 12.5 మైక్రోఫారడ్‌లు. 12 వేసినా సరిపోతుంది. వేశాక అదే కొలత మళ్లీ తీయండి. నాకు 14 కాస్తా 8.4కు దిగింది. అది చూసినప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది. పేరుకు 8 ఓమ్‌లుగా ఉన్న స్పీకరు నిజంగా 8 ఓమ్‌ల స్పీకరు అయింది, ఇక సూత్రాన్ని నమ్మొచ్చు.

సూత్రం తేలిక. రెండో ఆర్డర్, అంటే ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ రెట్టింపైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్ కోసే బటర్‌వర్త్ రకానికి, కెపాసిటర్ మైక్రోఫారడ్‌లు = 1,12,500ను ఓమ్‌లతోనూ హెర్ట్జ్‌తోనూ భాగించాలి. కాయిల్ మిల్లీహెన్రీలు = 225ను ఓమ్‌లతో గుణించి హెర్ట్జ్‌తో భాగించాలి. 8 ఓమ్‌లు, 2,500 హెర్ట్జ్‌కు 5.63 మైక్రోఫారడ్‌లు, 0.72 మిల్లీహెన్రీ. పెద్ద కోన్‌కు కాయిల్ వరసలో, కెపాసిటర్ అడ్డంగా (ప్లస్, మైనస్‌ల మధ్య). ట్వీటర్‌కు కెపాసిటర్ వరసలో, కాయిల్ అడ్డంగా. విలువలు రెండు పక్కలా అవే.

ఇప్పుడు కెపాసిటర్ల సంగతి. ఆడియో పేరుతో అమ్మే పాలీప్రొపిలీన్ కెపాసిటర్లు తెప్పించుకోవచ్చు, ఖరీదెక్కువ. మన భీమవరంలో, పాలకొల్లులో, అమలాపురంలో ఏ ఎలక్ట్రికల్ షాపుకెళ్లి ఫ్యాన్ కండెన్సర్ అడిగినా ఇచ్చేది 440 వోల్టుల మెటలైజ్డ్ పాలీప్రొపిలీనే. 2.5, 3.15, 4 మైక్రోఫారడ్‌ల సైజుల్లో దొరుకుతాయి. 2.5నీ 3.15నీ పక్కపక్కన కలిపితే 5.65. మనకు కావలసింది 5.63! జోబెల్‌కు మూడు 4లు కలిపితే 12. నేను ఏళ్లుగా ఇవే వాడుతున్నాను, మనసులో ఏ లోటూ లేదు. చెరువుల మీద ఏరేటర్ మోటార్లకు వేసే రన్ కెపాసిటర్లు కూడా ఈ జాతివే. స్టార్ట్ కెపాసిటర్లు మాత్రం వద్దు, అవి ఎలక్ట్రోలిటిక్. మోటారు నుంచి విప్పిన పాతది వాడేటట్టయితే, ముట్టుకునే ముందు రెండు కొసలకూ రెసిస్టర్ తగిలించి లోపలి చార్జి పోనివ్వండి. అది గట్టిగా కొడుతుంది.

కాయిల్ మనమే చుట్టుకుందాం. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. వైండింగ్ షాపులో 18 గేజ్ ఎనామిల్ రాగి తీగ తూకానికి ఇస్తారు. నేనడిగినప్పుడు ఆయన “ఏ మోటారుకండీ?” అన్నాడు. స్పీకరుకని చెప్తే “ఆయ్, స్పీకరుకి వైండింగా అండీ!” అని స్టూలు చూపించి కూర్చోబెట్టాడు, తీగ వదులవకుండా బొటనవేలితో ఎలా ఒత్తి పట్టాలో చేసి చూపించాడు. ఆ ఒక్క మెళకువ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

40 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్క తీసుకుని, రెండు పక్కలా ప్లై బిళ్లలు అతికించండి. బిళ్లల మధ్య సరిగ్గా 25 ఎం.ఎం. ఖాళీ ఉండాలి. పొరకు 19 చుట్ల చొప్పున ఏడు పొరలు, మొత్తం 133 చుట్లు. 0.72 మిల్లీహెన్రీ వస్తుంది. ఒక్కో కాయిల్‌కు సుమారు ఇరవైన్నర మీటర్ల తీగ, 215 గ్రాముల బరువు, 0.3 ఓమ్ అడ్డు. రెండు స్పీకర్లకు నాలుగు కాయిల్స్, కిలో తీగలో అయిపోతాయి. పొర పొరకీ మధ్య టేపు వేయనక్కర్లేదు. పొర ముగిసేచోట చుట్టు జారిపోకుండా చూసుకోండి. లెక్క తప్పితే ఊహించవద్దు, మొత్తం విప్పి మళ్లీ చుట్టండి. నాలుగు చుట్లు తేడా వస్తే మిల్లీహెన్రీ ఆరు శాతం మారిపోతుంది. చివర్లలో ఎనామిల్‌ను గరుకు కాగితంతో రాగి మెరిసేదాకా గీకాకే సోల్డరింగ్.

రెండు కాయిల్స్‌ను దగ్గరగా, ఒకే దిక్కుకు పెట్టొద్దు. ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి, మధ్య జానెడు దూరం ఉంచండి. లోపలికి ఇనప మేకు దిగ్గొట్టొద్దు, ఇండక్టెన్స్ పెరిగిపోతుంది. ప్లాస్టిక్ టై చాలు. చెక్క ముక్క మీద బిగించి, పలక వెనక అడుగున, స్పీకరు అయస్కాంతానికి దూరంగా పెట్టండి. మన తేమకు సోల్డరింగ్ చేసిన చోట్లు పచ్చబడతాయి, పైన కాస్త వార్నిష్ పూయండి.

ట్వీటర్‌ను యాంప్లిఫయర్‌కు తగిలించే ముందు, దాని వరసలో ఉన్న కెపాసిటర్‌కు ఒక కొస విప్పి, రెండు కొసల మీద మీటరు ఓమ్స్‌లో పెట్టి చూడండి. కాసేపు ఊగి ఓపెన్ చూపించాలి. చూపించకపోతే ఆ కెపాసిటర్ షార్ట్ అయింది, ఆపేయండి. కెపాసిటర్ లేకుండా పాట పెడితే పాత ట్వీటర్‌కు ఒక్క క్షణం చాలు, కాలిపోతుంది.

ఇక ప్లస్, మైనస్. రెండో ఆర్డర్ కోతలో రెండు శబ్దాలూ అతుకు దగ్గర తలకిందులుగా వస్తాయి. అందుకని సాధారణంగా ట్వీటర్ వైర్లు తిరగేసి కలుపుతారు. కానీ ట్వీటర్, పెద్ద కోన్‌కు ముందు అడ్డ పట్టీ (బ్రిడ్జి) మీద ఉందా, దాని వెనక గొంతులో ఉందా అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. 2,500 టోన్ పెట్టి, ఎదురుగా కూర్చుని, ఒకసారి అలా, ఒకసారి ఇలా కలిపి వినండి. ఒకదానిలో టోన్ స్పష్టంగా తగ్గుతుంది. తగ్గనిదే సరైనది. కోయాక్సియల్ గొప్పతనం ఇక్కడ తెలుస్తుంది. రెండు శబ్దాలూ ఒకే నడిమి చోటు నుంచి వస్తాయి గనక, కుర్చీలో విన్నా, కింద చాప మీద పడుకుని విన్నా అతుకు చెదరదు.

చివరిది ట్వీటర్ మట్టం. బేస్ పలచబడిన పలక మీద ట్వీటర్ పూర్తి బలంతో మోగితే తల నొప్పి వస్తుంది. క్రాసోవర్‌కూ ట్వీటర్‌కూ మధ్య వరసలో 3.3 ఓమ్‌లు, ట్వీటర్ మీద అడ్డంగా 15 ఓమ్‌లు, రెండూ 10 వాట్లవి వేస్తే సుమారు 4 డెసిబెల్స్ తగ్గుతుంది. క్రాసోవర్‌కు మాత్రం దాదాపు 8 ఓమ్‌లే కనిపిస్తాయి, కోత మారదు. పలకను వెనక గోడకు కనీసం మీటరు ముందుకు జరిపి, అప్పుడు వినండి.

ఈ రెండు రెసిస్టర్లకూ మాత్రం సోల్డరింగ్ వద్దు, కనెక్టర్‌లో బిగించి వదిలేయండి. నాలుగో పాఠంలో బేస్ సంగతి చూస్తాం, అది తేలాక ఈ మట్టం మళ్లీ కదులుతుంది. ఈలోగా ఇంట్లో ఎవరి చేతనైనా ‘శనివారం సంతలో శేషయ్య షావుకారు సీసా’ అని చదివించి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ మనిషిని స్పీకరు పక్కన కూర్చోబెట్టి రెండూ వినండి. ష, స కలిసిపోతే ముందు జోబెల్ కొలత మళ్లీ తీయండి. విడిగా ఉండి గరుకుగా ఉంటే 3.3 బదులు 3.9 వేసి చూడండి. ఏది వేశారో, ఏం వినిపించిందో తేదీతో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని.