ఉగాదికి రంగులా? ముందు సన్‌షేడ్ల సంగతి చూడండి

పోయిన వారం మా పక్క కాలనీలో ఓ రెండంతస్తుల ఇంటికి రంగుల పని మొదలైంది. పాత రంగు గీకడానికి ఓ కుర్రాడు డాబా మీంచి పై కిటికీ సన్‌షేడ్ మీదికి దిగాడు. కాసేపటికే సన్‌షేడ్ గోడ మొదట్లోకి విరిగి, అతనితో సహా కింద పడింది. ప్రాణం దక్కింది గానీ నడుము ఎముక విరిగింది. ఆ ఇంటాయన ఇప్పటికీ ఒకటే మాట అంటున్నాడు: "మొన్న దసరాకే పుట్టీ పెట్టించాం కదండీ, బాగానే కనబడిందే!" బాగానే కనబడింది. అదే కొంప ముంచింది.

నేను విశాఖలో పాత ఇళ్లకు రిపేర్లు చేయించే పనిలో ఉంటాను. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి ఇలాంటివి మాకు కాస్త ఎక్కువే తగులుతాయి. అలాగని వరంగల్లో, కర్నూల్లో ఉన్నవాళ్లు నిశ్చింతగా ఉండక్కర్లేదు. సంక్రాంతి వెళ్లాక ఉగాది లోపు, లేదా వేసవి పెళ్లిళ్ల ముందు అందరూ రంగులకు దిగుతారు. కాలం మంచిదే. తుపాన్ల వానలు పోయి గోడలు ఆరి ఉంటాయి, మే నెల ఎండలు ఇంకా రావు. ఏ కంపెనీ రంగు, ఏ షేడ్, ఎన్ని కోట్లు అన్నది నేను చెప్పను, షాపులో అడక్కుండానే చెబుతారు. ఇంటి చుట్టూ తిరిగి చూసుకోవడం మాత్రం పెయింటరు రాకముందు, కనీసం నెల ముందు జరగాలి. కొత్తగా ప్లాస్టరింగ్ చేయాల్సి వస్తే అది గట్టిపడి ఆరడానికి 28 రోజులు వదలాలి మరి.

సన్‌షేడ్ మీద కాలు పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు

ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుని మిగతాదంతా మర్చిపోయినా ఫర్వాలేదు.

సన్‌షేడ్‌కి గోడవైపు తప్ప ఇంకెక్కడా ఆధారం ఉండదు. బరువు పడితే దాని పైభాగం సాగుతుంది, కిందిభాగం నొక్కుకుంటుంది. కాంక్రీటు నొక్కుడికి ఓర్చుకుంటుంది గానీ లాగుడికి ఓర్చుకోదు. అందుకే గోడలోంచి బయటికి వచ్చే మెయిన్ రాడ్లు పైభాగంలోనే ఉండాలి. కానీ కాంక్రీటు పోసే రోజు హడావుడిలో మనుషులు వాటిని తొక్కుకుంటూ తిరుగుతారు, రాడ్లు అడుగుకి దిగిపోతాయి. సెంటరింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద ఆధారంగా పెట్టే చెక్కలు) విప్పాక ఆ సంగతి ఎవరికీ తెలియదు. అలాంటి సన్‌షేడ్ కూడా తన బరువు తాను మోసుకుంటూ ఏళ్ల తరబడి నిలబడుతుంది. మనిషి ఎక్కిన రోజు దాని బండారం బయటపడుతుంది.

రాడ్లు సరైన చోటే ఉన్నాయనుకుందాం. అప్పుడు తుప్పు గొడవ. ఇనుము తుప్పు పడితే ముందున్న దానికంటే రెండింతలకు పైగా చోటు కావాలి. ఆ చోటు కోసం లోపల్నించి కాంక్రీటుని నెడుతుంది. మొదట రాడ్ వెంబడి సన్నటి గీత, తర్వాత గోధుమరంగు మరక, ఆ తర్వాత పెచ్చు.

ఇంట్లోవాళ్లు కిందనుంచి పైకి చూసి, పెచ్చులు ఊడలేదు కదా అని సరిపెట్టుకుంటారు. అసలు చూడాల్సింది పైభాగం, అందులోనూ గోడకి అంటుకునే చోట. అక్కడ మట్టి, నాచు, ఎండుటాకులు పేరుకుని ఏమీ కనబడదు. డాబా మీంచి పైపుతో నీళ్లు కొట్టి మట్టి వదిలించండి. తర్వాత ఆరనివ్వండి. అంతా ఆరిపోయాక పగులు ఒక్కటే నల్లగీతలా తడిగా మిగులుతుంది. సెల్‌ఫోన్ కర్రకి కట్టి వీడియో తీస్తే సరిపోతుంది, పిట్టగోడ మీద వేలాడక్కర్లేదు. గోడ పొడుగునా, గోడకి సమాంతరంగా గీత కనబడితే ఆ సన్‌షేడ్ కింద మంచం, బండి, తులసికోట ఏవి ఉన్నా వెంటనే జరిపేయండి. స్ట్రక్చరల్ ఇంజినీరుకి చూపించేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.

కిందివైపు కూడా ఒకటి చూడాలి. పెచ్చు ఊడి రాడ్లు బయటపడితే అవి ఏ దిక్కుగా ఉన్నాయో గమనించండి. గోడలోంచి బయటి అంచుకి వచ్చే రాడ్లు అడుగున కనబడుతున్నాయంటే, పైన ఉండాల్సినవి కిందికి దిగిపోయాయని అనుమానించాల్సిందే. రాడ్లు కనబడని చోట సుత్తితో మెల్లగా తట్టి చూడండి, కానీ నెత్తిన పెచ్చు పడకుండా పక్కకి నిలబడి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల వదులైన చోట పగిలిన కుండ మీద తట్టినట్టు డొల్లగా పలుకుతుంది.

ఇక్కడే పుట్టీ రంగంలోకి దిగుతుంది. "సార్, పుట్టీ పెట్టి లెవెల్ చేసేస్తాం" అంటాడు కాంట్రాక్టరు. పుట్టీ ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తుపల్లాలు సర్దడానికి, విరగబోయే దాన్ని నిలబెట్టడానికి కాదు. తుప్పు రాడ్ మీద పుట్టీ పెడితే లోపల తుప్పు ఆగదు. దాన్ని కనిపెట్టే దారి మాత్రం మూసుకుపోతుంది. తర్వాతిసారి వచ్చిన పెయింటరు ఆ తెల్లటి నున్నటి పలకని చూసి ధైర్యంగా ఎక్కుతాడు.

సరైన పని ఇది: వదులు కాంక్రీటంతా కొట్టేయాలి. రాడ్ వెనకవైపు కూడా ఖాళీ కనబడేదాకా కొట్టాలి. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తుప్పు గీకి, తుప్పు నిరోధించే జింక్ ప్రైమర్ వేయాలి. పాత కాంక్రీటుకి బాండింగ్ కోటు పూసి, అది ఆరకముందే పాలిమర్ కలిపిన మోర్టార్ పట్టించాలి. రాడ్ బాగా సన్నబడిపోయి ఉంటే పూతలతో ఆగొద్దు, ఇంజినీరు చెప్పినట్టు కొత్త రాడ్లు వేయడమో, కూల్చి మళ్లీ పోయడమో చేయాలి. ఇదంతా పెయింటరు పని కాదు, తాపీ మేస్త్రీ పని. ఖర్చు రంగుల ఖర్చుని మించిపోవచ్చు. అప్పుడు ఈ ఏడాదికి రంగులు మానుకోండి, రిపేరు మానుకోవద్దు.

బాగు చేయించాక కూడా సన్‌షేడ్ మీద కాలు పెట్టొద్దు. పెయింటర్లు, ఏసీ మెకానిక్కులు, డిష్ టీవీ కుర్రాళ్లు అందరికీ అది తయారుగా ఉన్న మెట్టులా కనబడుతుంది. ఏసీ అవుట్‌డోర్ యూనిట్‌ని దాని మీద పెట్టించుకున్నవాళ్లు రంగుల ముందే దించి, గోడకి బ్రాకెట్ కొట్టించి మార్చుకోండి. పూలకుండీలు తీసేయండి. నిచ్చెన పైకొస సన్‌షేడ్ అంచుకి ఆనించకండి, అదీ బరువే. పరంజా కర్రలు దానికి కట్టనివ్వకండి. కర్రలు నేలమీద నిలబడాలి.

కరెంటు

రోలరుకి తగిలించే అల్యూమినియం రాడ్ మీ ఇంటి ముందు లైనుని అందుకోగలదా? పెయింటరు చేయి చాపితే రాడ్ కొస ఎక్కడిదాకా వెళ్తుందో కిందే నిలబడి ఒకసారి లెక్కేసుకోండి. 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకి, ఇంటికి మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలన్నది నిబంధన. బాల్కనీలు ముందుకు తోసి కట్టిన వీధుల్లో ఆ దూరం ఎక్కడుంది? పైగా హైటెన్షన్ తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్తే చాలు లాగేస్తుంది. వెదురుకర్రే కదా అన్న ధీమా కూడా వద్దు, పచ్చిగా ఉన్నా తడిసినా అదీ కరెంటు పాస్ చేస్తుంది.

లైను దగ్గరగా ఉంటే కరెంటువాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి, లేదా సెక్షన్ ఆఫీసుకి వెళ్లి సప్లై ఆపించమని అడగండి. సప్లై ఆపి, "ఇక చేసుకోండి" అని సిబ్బంది స్వయంగా చెప్పాకే పని మొదలవ్వాలి. "ఈ టైములో పవర్ కట్ ఉంటుంది లెండి" అని పని చేయించొద్దు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

గోడలు కడిగే రోజు మెయిన్ ఆపేయండి. బయటి లైట్లు, కాలింగ్ బెల్లు, మోటారు స్విచ్చు, మీటరు బోర్డు ప్లాస్టిక్ కవర్‌తో గట్టిగా చుట్టాలి. సర్వీసు వైరు ఇంటికి చేరే చోట తొడుగు చిట్లిందేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి.

చెమ్మ

రంగు పొంగడం, పొలుసులు లేవడం, తెల్లటి ఉప్పు పూయడం, అన్నీ నీటి పనే. అనుమానం ఉన్న చోట అడుగు చదరం పాలిథిన్ కాగితం నాలుగు అంచులా టేపుతో అంటించి, రోజంతా వదిలేయండి. మర్నాటికి లోపలివైపు నీటి చుక్కలు పడితే ఆ గోడకి ఇప్పుడు రంగు వద్దు. బాత్రూమ్ పైపు జాయింటు, పిట్టగోడ పైభాగం, పొంగే ట్యాంకు, ముందు వీటిలో తప్పు ఎక్కడుందో పట్టండి. ఉప్పుని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది.

ఇక వరసగా

పిట్టగోడకి తాడు కట్టి జూలా (పెయింటరు కూర్చునే వేలాడే పలక) దించొద్దు. అది నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, కింద పట్టు ఏమీ ఉండదు. తాడు పిల్లరుకే కట్టాలి.

బెల్టు అంటే నడుముకి కట్టే తాడు కాదు. భుజాలకీ తొడలకీ పట్టీలున్న పూర్తి హార్నెస్. "మా వాళ్లకి అలవాటే సార్" అంటే పని వేరేవాళ్లకివ్వండి.

సిమెంటు రేకుల షెడ్డు ఎక్కొద్దు. పాత రేకు మనిషిని ఆపదు. ఆ రేకుల్ని గీకొద్దు, డ్రిల్లు వేయొద్దు, ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది.

గోడ పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొక్కల్ని పట్టి పీకొద్దు. వేరుతో పాటు ఇటుక వస్తుంది. కోసి, మేస్త్రీతో వేరు తవ్వించి, పగులు పూడ్పించండి.

కిటికీ గ్రిల్సుకి పాత ఎనామిల్ ఉంటే పొడిగా రుద్దొద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన దాంట్లో ఎంతుందో చెప్పలేం. తడిపి రుద్దండి. పిల్లల్ని, గర్భిణుల్ని దూరంగా ఉంచండి. రాలిన పొడి ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవండి.

నాచుకి బ్లీచింగ్ పౌడరు కొడితే అదే రోజు అక్కడ యాసిడ్ వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు.

సన్‌షేడ్ కింద పెద్ద తేనెపట్టు ఉందా? ఈ కాలంలో ఉంటుంది. పొగ పెట్టడాలు, రాత్రిపూట కాగడాలు వద్దు, తీసేవాళ్లని పిలవండి. నిచ్చెన మీదున్న మనిషిని తేనెటీగలు ముసిరితే ఎటు పోతాడు?

పాత సున్నం పొరల మీద ఎమల్షన్ వేయొద్దు. గీకాల్సిందే.

నిచ్చెన కింద ఇటుకముక్కలు పెట్టి ఎత్తు సర్దొద్దు. ఎక్కితే కింద ఒకరు పట్టుకోవాలి, పట్టుకున్నవాడు ఫోన్ చూడకూడదు.

మధ్యాహ్నం ఎండలో ఎక్కించొద్దు. మందు తాగి వచ్చినవాణ్ణి అసలే ఎక్కించొద్దు, ఆ రోజు కూలి డబ్బులు దండగైనా సరే ఇంటికి పంపండి.

మళ్లీ చెబుతున్నా, సన్‌షేడ్ మీద కాలు పెట్టొద్దు. మీ కళ్ల ముందు పెట్టినవాణ్ణి, గట్టిగా అరవకుండా, నెమ్మదిగా గోడవైపుకి జరగమని చెప్పి దించండి. కంగారుపడి ఎగిరి దూకితే అప్పుడే విరుగుతుంది.

ఎవరైనా పడితే చేతులూ కాళ్లూ పట్టి ఎత్తొద్దు, బైకు మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. మెడ, నడుము కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. కరెంటు షాక్ అయితే సప్లై ఆగేదాకా మనిషిని ముట్టుకోవద్దు. ఇంటి కరెంటు అయితే మెయిన్ దించండి. బయటి లైను అయితే దగ్గరికి కూడా పోకుండా 1912కి చెప్పి, ఆగిందని వాళ్లు చెప్పాకే వెళ్లండి.